అవ్వ ఆరేసిన గుడ్డలు

మా అవ్వకు డాక్టర్లంటే పడదు, నర్సులంటే అసలే పడదు. "అన్నీ అడుగుతారు మే, సిగ్గులేకుండా" అనేది. నేను పెద్దమనిషినయ్యాక అలాంటి అవ్వ పహరాలో పడ్డాను. నా ఖర్మ అని అప్పట్లో అనుకున్నాను.

కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె మాది. అక్కడ పై తరగతులు లేవు గనక విరుదునగర్‌లో మా మామ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. మామ మిరపకాయల మండీలో తూకం మనిషి. మండీ వెనకే ఇల్లు, ఇంటి మిద్దె నిండా మండీ మిరపకాయలే ఎండుతుండేవి. ఆ ఇంట్లో తుమ్మకుండా ఒక మాట పూర్తిచేసినవాళ్లను నేను చూడలేదు.

నేను పెద్దమనిషినైన కబురందగానే అవ్వ పల్లె నుంచి రైలెక్కి వచ్చేసింది. మామ ఆచారం ప్రకారం పెరట్లో పచ్చి తాటాకుతో గుడిసె కట్టాడు. తక్కెడ పట్టడంలో ఘనుడే గాని గుడిసె కట్టడంలో కాదు, మొదటి గాలికే అది ఓ పక్కకు ఒరిగింది. అందులో నన్ను పదహారు రోజులు కూర్చోబెట్టారు. పొద్దున పచ్చిగుడ్డు, దాని వెనకే గుక్కెడు నువ్వులనూనె, మధ్యాహ్నం బెల్లం వేసిన ఉద్దిపిండి కళి అనే సంకటి, దాని మీద మళ్లీ నూనె. తిండి సంగతి ఎలాగో ఓర్చుకున్నాను. మళ్లీ బడికి పంపుతారా, పంపరా అన్నదే నా ఏడుపు. పెద్దమనిషైన పిల్ల బడికి పోవడం మావాళ్లలో ఎవరూ ఎరుగరు. "గుడ్డల సంగతి పల్లికూటంలో ఎట్ల చూసుకుంటావు మే?" అని అవ్వ అడిగేది.

జవాబు మునిసిపాలిటీ నర్సమ్మ దగ్గర దొరికింది. వీధులన్నీ తిరిగే ఆవిడ ఒకరోజు మా గుడిసె ముందు పీట వేసుకు కూర్చుంది. నెలసరి గుడ్డలు సబ్బుతో ఉతకాలనీ, మూలల్లో దాచకుండా మంచి ఎండలో ఆరెయ్యాలనీ, అప్పుడు పుండ్లు పడవనీ, నిక్షేపంగా బడికి పోవచ్చనీ చెప్పింది. అవ్వ మొహం తిప్పుకునే అంతా విన్నది. మామ తీర్పు చెప్పాడు: "సరి మా, వచ్చే నెల చూస్తాము. బాగుంటే పోనీ. ఏమన్నా అయితే నిలిపేస్తాము."

వచ్చే నెల వచ్చింది. నేను సబ్బు అరిగేదాకా ఉతికాను. ముట్టు రోజుల్లో నేను మిరపకాయల దరికి పోకూడదు గనక మిద్దె మీద ఆరేసే పని అవ్వదే. మూడోనాటికి మంట మొదలైంది. మంటంటే మామూలు మంటా! కూర్చోలేను, నిలబడలేను, పెరడంతా గంతులేశాను. ఇప్పుడు నవ్వొస్తోంది గాని ఆ పూట బావురుమన్నాను.

"చూసితివా! అంతా ఆ సబ్బు పని. పల్లికూటం వొద్దు, ఏమీ వొద్దు" అంది అవ్వ. మామ తలూపాడు. నా చదువు అయిపోయిందనుకున్నాను.

అత్త పరుగున పోయి నర్సమ్మను పిలుచుకొచ్చింది. ఆవిడ ఆరిన గుడ్డ ఒకటి తెప్పించి ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతే, వరసగా ఏడు తుమ్ములు. కళ్లు తుడుచుకుంటూ అడిగింది, "దీన్ని ఎక్కడ ఆరేశారు?"

అవ్వ నేల చూసింది. గుమ్మంలో మామ ఉన్నాడు. మగవాడి ముందు ఆ మాట ఎత్తడమంటే అవ్వకు ప్రాణం పోయినంత పని. నోరు మూసుకుంటే నింద సబ్బు మీదే ఉండిపోయేది, నేను ఇంట్లో ఉండిపోయేదాన్ని. అవ్వ నా వైపు ఒకసారి చూసింది.

"ఎండ కావల్ల అంటివి. సరి అని మిద్దె ఎక్కితిని. అక్కడ మండీ ఆండ్లు, మొగోళ్లు తిరగతా ఉండారు. వాళ్ల కంట్లో పడేదా? అందుకని మిరపకాయల కింద పెట్టి కప్పితిని."

మామ ఉన్నట్టుండి మండీలో పని గుర్తొచ్చినవాడిలా పరుగెత్తాడు. నర్సమ్మ పకపకా నవ్వింది. నేనూ ఏడుస్తూనే నవ్వాను. అవ్వ నవ్వలేదు.

"నలభై ఏండ్లు నేను పశువుల కొట్టంలో గోనెపట్టా కింద ఆరేసితిని మా. తొడలంతా పుండ్లు. నడవలేక నడవలేక చేనికి పోతిని. ఆడపుట్టుక ఇంతే అనుకుంటిని. నాకెవరూ చెప్పలా."

నర్సమ్మ నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా మనసులో అవ్వను తిట్టిన తిట్లన్నీ తలుచుకుని నాకు సిగ్గేసింది.

అవ్వ కొంగు బిగించింది. గుడ్డలన్నీ మళ్లీ తనే ఉతికి, మిద్దె మీద ఈ కొస నుంచి ఆ కొసకు తాడు కట్టి, ఒక్కొక్కటే దులిపి ఆరేసింది. మూటలు మోసేవాళ్లు, తూకం వేసేవాళ్లు, మా మామతో సహా అందరూ కింద నుంచి తలెత్తి చూశారు. అవ్వ పిట్టగోడ మీదుగా వంగింది.

"ఏమి చూస్తా ఉండారు రా? నా మనవరాలు పల్లికూటం పోవల్ల. ఇవి ఎండలో ఆరవల్ల!"