అయిదుగురు పచీఫికోలు

రెజినెల్లా వీధిలో ఆ గుమ్మం ముందుకు రాగానే మిరెల్లా గొంతు దానంతటదే తగ్గుతుంది. రోమ్‌లోని తమ యూదుల పేటను పద్దెనిమిదేళ్లుగా యాత్రికులకు నడిపించి చూపిస్తోంది ఆవిడ. పోయినవాళ్ల గుర్తుగా వాళ్లుండిన ఇంటి ముందు నేలలో పొదిగిన ఇత్తడి రేకు దగ్గర ఆగి, సంచిలోంచి పెదనాన్న ఫోటో తీస్తుంది. రేకు మీద పచీఫికో అన్న పేరు, 1922లో పుట్టాడని, 1943లో జర్మన్లు పట్టుకెళ్లారని ఉంటుంది. చెల్లెలి బూట్ల కోసం మళ్లీ మేడెక్కి దొరికిపోయాడని చెబుతుంది.

రోజూ కూడలిలో కూర్చునే తొంభై రెండేళ్ల ఎల్వీరా, ఆ మంగళవారం గాలికి తట్టుకోలేక కుర్చీని ఈ వీధిలోకి వేయించుకుంది.

"ఏదీ, ఆ ఫోటో ఇటివ్వవే పిల్లా."

యాభై ఆరేళ్ల పిల్ల ఇచ్చింది.

"వీడు సైకిలు పచీఫికో కదే! ఈ ఇంట్లో ఉన్నది దర్జీ పచీఫికో. మీ పెదనాన్నకి చిన్నాన్న కొడుకు."

మిరెల్లా నవ్వబోయింది. "పుట్టిన ఏడు కూడా సరిపోయింది అత్తా."

"ఎందుకు సరిపోదూ? ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. తాత పచీఫికో గుండ్రాయిలా తిరుగుతుంటే ఏ కొడుకు ఆ పేరు పెట్టకుండా ఉంటాడు? అయిదుగురు కొడుకులకీ పెద్దవాళ్లు, అయిదుగురూ పచీఫికోలే. కింద నుంచి కేకేస్తే అయిదు కిటికీలు తెరుచుకునేవి!"

మిరెల్లా అది ఇంగ్లీషులో చెప్పగానే గుంపులో న్యూయార్కు నుంచి వచ్చిన యూదు ఆవిడ విస్తుపోయింది. "బతికున్న తాత పేరా! మాలో అది అపశకునమండీ."

ఆ మాట మిరెల్లా ఇటాలియన్‌లో చెప్పగానే, "అంత సుకుమారులా వాళ్ల తాతలు?" అంది ఎల్వీరా.

అదీ ఇంగ్లీషులో విని అందరూ నవ్వారు. మిరెల్లాకు నవ్వు రాలేదు. జర్మన్లు వచ్చిన ఆ పొద్దుటి గురించి తండ్రి జన్మలో ఒక్క ముక్కే చెప్పాడు: పచీఫికో చెల్లెలి బూట్ల కోసం పైకెళ్లాడని. ఏ ఇల్లో చెప్పలేదు. పేరూ ఏడూ చూసి ఇదేననుకుంది.

"మరి బూట్ల కోసం వెళ్లిందెవరు అత్తా?"

"దర్జీవాడే. ఉండు, వాడికి చెల్లెలేదీ? ఉందేమో... సైకిలువాడేనేమో. ఇద్దరూ తిరిగి రాలేదు, అది మాత్రం నాకు తెలుసు."

"మావాళ్ల ఇల్లెక్కడ?"

ఎల్వీరా కర్ర ఎత్తింది. "ఆ చివర, ఆకుపచ్చ తలుపు."

మిరెల్లా నడిచింది. ఆ చివరి మాటలు అర్థం కాకపోయినా గుంపు వెంట నడిచింది. చివర రెండు తలుపులు ఆకుపచ్చగా ఉన్నాయి. దేని ముందూ రేకు లేదు. రెండింటి మధ్య ఆగి ఆవిడ ఫోటో పైకెత్తింది.

"ఈయన మా పెదనాన్న పచీఫికో. ఇల్లు వీటిలో ఒకటి. ఆ పొద్దున ఏం చేశాడో నాకు తెలియదు."