దుబాయ్ ఇల్లు దాటాక నైజీరియా

మా ఇంటికి దారి చెప్పడం చాలా తేలిక. సికింద్రాబాద్ అల్వాల్‌లో మా సందు మొదట్లో నిలబడి ఎవరినడిగినా చెప్పేస్తారు. "సీదా పోండి, దుబాయ్ ఇల్లు వస్తది. అది దాటినంక నైజీరియా పోర్షన్. దాని కిందనే." ఆ కింద ఉండేదాన్ని నేను. పై పోర్షన్‌లో రెండేళ్ళుగా ఒక అమ్మాయి అద్దెకుంటూ ఫార్మసీ చదువుతోంది. ఆమెది నైజీరియా కాదు. దుబాయ్ ఇంటి పెద్దాయన, మా అందరికీ కాక, దుబాయ్‌లో ఒక్క రోజూ పనిచేయలేదు. అయినా ఈ గుర్తులతో ఇంతవరకు ఎవరూ దారి తప్పలేదు, అందుకే వీటిలో తప్పుందని మా సందులో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఆ అమ్మాయిది లెసోతో. చుట్టూ నాలుగు వైపులా దక్షిణాఫ్రికానే ఉండి, మధ్యలో ఉన్న చిన్న కొండల దేశం. రాసేది అలాగే అయినా పలికేటప్పుడు లెసూటు అనాలట. అక్కడి మనిషి ఒక్కరైతే మొసూటు, పదిమందైతే బసూటు. దిగిన మొదటి వారంలోనే మెట్ల మీద నా పక్కన కూర్చుని ఇవన్నీ ఓపికగా చెప్పింది. నేను చిక్కుడుకాయలు తుంచుతూ "ఆహా, అట్లనా" అంటూ విన్నాను. మర్నాడు కూరగాయల బండి దగ్గర "పైన ఎవలు దిగిండ్రక్కా" అని అడిగితే "నైజీరియా పిల్ల" అన్నాను. నోటికి అదే వచ్చింది. ఆఫ్రికా నుంచి ఎవరొచ్చినా మనకు నైజీరియానే కదా.

డిసెంబర్‌లో ఆమె రంగురంగుల ఉన్ని దుప్పటి భుజాల చుట్టూ కప్పుకొని, ముందు పెద్ద పిన్ను పెట్టుకొని కాలేజీకి బయల్దేరితే సందంతా గేట్లలోకి వచ్చి చూసింది. "ఆఫ్రికల ఎండలు మండుతయి గద, గీ దుప్పటేంది" అని ఒకటే గుసగుసలు. మా ఊళ్ళో మంచు కురుస్తుంది అని ఆమె చెబితే ఒక్కరూ నమ్మలేదు. కొన్నాళ్ళకు చెప్పడం మానేసింది. నైజీరియా అని పిలిచినా తిరిగి చూసి నవ్వేది. ఎంత కలుపుగోలు పిల్లో అని నేను మురిసిపోయేదాన్ని.

మొన్నీమధ్య ఒక శుక్రవారం పొద్దున ఆమె రెండేసి మెట్లు దూకుతూ కిందికి వచ్చింది. ఆయాసంలో సగం ఇంగ్లీషు, సగం తెలుగు. పందొమ్మిదేళ్ళ చెల్లెలు ఆఫ్రికా దేశాల పరుగు పోటీల్లో ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తబోతోంది. దేశం తరఫున పరుగెత్తడం ఇదే మొదటిసారి. ఊళ్ళో వాళ్ళమ్మకు నెట్ అందదు కాబట్టి ఇంట్లోవాళ్ళలో చూడగలిగేది తనొక్కతే.

"మీ టీవీ పెద్దది కదా ఆంటీ. సాయంత్రం మీతో కలిసి చూడొచ్చా? ఒక్కదాన్నే చూడాలని లేదు" అంది.

ఇక నన్ను పట్టేదెవరు? నాకో మాట చెబితే మైకులో చెప్పినట్టేనని మా ఆయన ఊరికే అనడు. ఆమె గేటు దాటకముందే సందు గ్రూపులో మెసేజ్ పెట్టేశాను. "మన నైజీరియా పిల్ల చెల్లెలు టీవీలో పరుగెత్తుతోంది. ఆరింటికల్లా అందరూ మా ఇంటికి రావాలి. బజ్జీలున్నాయి."

ఆరింటికి మా హాల్లో కాలు పెట్టే జాగా లేదు. దుబాయ్ కాక తన ప్లాస్టిక్ కుర్చీ తనే తెచ్చుకున్నాడు. అమ్మాయి ఫోన్‌ను టీవీకి కలిపింది. ఎనిమిది మంది పిల్లలు గీత దగ్గర నిలబడ్డారు. ఆకుపచ్చ బనీను మీద నైజీరియా అని రాసి ఉండటం ఎవరో చూశారు. "గదే, గదే, మన పిల్ల" అని కేక. తుపాకీ పేలింది. ఇక ఇల్లు ఇల్లులా లేదు. అందరికంటే నా గొంతే పెద్దది. నైజీరియా, నైజీరియా అని సోఫా ఎక్కి మరీ అరిచాను. పచ్చ బనీను అందరికంటే ముందు గీత దాటింది. నేను ఒక్క గంతున దిగి ఆ అమ్మాయిని వాటేసుకున్నాను.

"మా చెల్లి ఆమె కాదు ఆంటీ" అంది మెల్లగా. "నీలం బనీను. మూడో స్థానం. ఫైనల్‌కు వచ్చింది."

నేను చేతులు తీసేశాను. ఆమే మమ్మల్ని ఊరడిస్తున్నట్టు నవ్వి, బజ్జీ ఒకటి చేతిలోకి తీసుకుని, చదువుకోవాలని చెప్పి పైకి వెళ్ళిపోయింది. తర్వాత చూస్తే ఆ బజ్జీ మెట్ల పక్క గోడ మీద ఉంది.

అందరూ వెళ్ళాక కాక మాత్రం కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాడు.

"నీకెర్కనా బిడ్డా, నేను పద్దెనిమిదేండ్లు మస్కట్ల ఏసీలు బాగుచేసిన. దుబాయ్ అంటే ఇమానం మారేటప్పుడు కిటికిల కెళ్లి చూసిందే. వచ్చిన కొత్తల అందరికి చెప్పిన, మస్కట్, మస్కట్ అని. ఎవలినలే. మా ఇంటిది సుత దుబాయే అంటది. చెప్పి చెప్పి యాష్టకొచ్చి నోరు మూసుకున్న." పైకి చూపించాడు. "గా పిల్ల సుత గట్లనే మూసుకున్నది."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన ఉద్యోగం మీద నాగపూర్‌లో ఉన్న మూడేళ్ళూ నన్ను మద్రాసీ అన్నవాళ్ళెవరినీ నేను వదల్లేదు. పాలాయనను గేటు దగ్గర నిలబెట్టి, స్కూలు అట్లాసు తెచ్చి, హైదరాబాద్ మీద వేలు పెట్టి చూపించిన మనిషిని. ఆ అట్లాసు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అందులో లెసోతో ఎక్కడుందో రెండేళ్ళలో ఒక్కసారైనా తెరిచి చూడలేదు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

శనివారం పొద్దున్నే పైకెళ్ళాను. "పర్లేదు ఆంటీ" అంది తలుపు తీస్తూనే. "పర్లేదనకు తల్లీ, నన్ను నాలుగు తిట్టు, నాకు హాయిగా ఉంటుంది" అన్నాను. ఆమె తిట్టలేదు. "ఆదివారం ఫైనల్‌కి కూడా అందరినీ పిలుస్తారా?" అని అడిగింది. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో నాకు అప్పుడు తెలిసింది.

పిలవడమా? అట్లాసు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "ఇదిగో ఇక్కడ. లెసూటు. ఏదీ, అను. అననివాళ్ళకు రేపు బజ్జీలు లేవు." కొందరు నవ్వారు, ఒకరిద్దరు నీకేమైనా పిచ్చా అన్నారు. అయినా అందరి చేతా అనిపించాకే గడప దిగాను. కాక మాత్రం నేను నోరు తెరవకముందే అనేశాడు. రాత్రంతా సాధన చేశాడట.

ఆదివారం నాడు ఆమె తన ఉన్ని దుప్పటి తెచ్చి కాక భుజాల మీద కప్పింది. ఆయన పెళ్ళికొడుకులా కదలకుండా కూర్చున్నాడు. తుపాకీ పేలింది. మొదటి చుట్టులో నీలం బనీను చివరి నుంచి రెండోది. ఆమె నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగుతున్నాయి. రెండో చుట్టు మలుపులో నీలం బనీను ఒకరిని దాటింది. ఇంకొకరిని దాటింది. "లె-సూ-టు" అని కాక మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది, గేటు బయట నిలబడ్డవాళ్ళు అందుకున్నారు, కిటికీ అద్దాలు అదిరాయి. చివరి వంద మీటర్లలో మరొకరిని దాటింది, ఇంకో అమ్మాయి పక్కదాకా వచ్చింది, అంతలోనే గీత వచ్చేసింది.

నాలుగో స్థానం. పతకం లేదు. మేమంతా అయ్యో అనేలోపే ఆమె గాల్లోకి ఎగిరింది. చెల్లెలు తన జన్మలో ఇంత వేగంగా పరుగెత్తలేదట. ఏడుస్తూ, నవ్వుతూ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరినీ కౌగిలించుకుంది. కాక దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

గంటకు చెల్లెలు వీడియో కాల్ చేసింది. ఫోన్‌లో చూడ్డానికి అందరం మీద మీద పడ్డాం. ఆ పిల్ల చెయ్యి ఊపుతూ, "థాంక్యూ బాంబే" అంది.

"బొంబాయి ఏంది?" నాకు సర్రున లేచింది.

అమ్మాయి తల దించుకుంది. "నేనే అలా చెప్పాను ఆంటీ. మొదట్లో సికింద్రాబాద్ అనే చెప్పేదాన్ని. అదెక్కడ, అదెక్కడ అని ప్రతిసారీ అడిగేవాళ్ళు. విసిగిపోయి బొంబాయి అనేశాను."

ఏ మొహం పెట్టుకుని తిట్టను? ఆమె ఫోన్ వైపు తిరిగి తన భాషలో చెల్లెల్ని గదమాయించింది. తర్వాత ఒక్కో అక్షరం విడదీసి సికింద్రాబాద్ అనిపించింది. నాలుగోసారికి కుదిరింది. పతకం వచ్చినట్టే చప్పట్లు కొట్టాం.

మర్నాడు గ్యాస్ సిలిండర్ ఆయన సందులో ఆగి, నైజీరియా పోర్షన్ ఎక్కడని అడుగుతున్నాడు. నేను వాకిట్లో ఉన్నాను, ఆమె కాలేజీకని మెట్లు దిగుతోంది. జవాబు మాత్రం కాక ఇంటి అరుగు మీద నుంచి వచ్చింది.

"ఈడ నైజీరియా లేదు. లెసూటు ఉన్నది. మస్కట్ ఇల్లు దాటినంక మీదికి పో."

"మస్కట్ ఇల్లేది తాతా?"

కాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇదే" అన్నాడు.