మూడు రీళ్లలో ఫెరెల్ ఏరుకున్నది

సాయంత్రం భోజనం అయ్యాక వైనెల్ ఇప్పుడు బల్ల మొత్తం తుడుస్తోంది. మునుపు సగమే తుడిచేది. రెండో సగం ఫెరెల్‌ది. కంచాలు ఎత్తగానే ఆయన అక్కడ పాత తువ్వాలు పరిచి, ఆ రోజు సరస్సు మీద వాడిన గాలపు రీళ్లు దాని మీద పెట్టేవాడు. ఆమె చేతులు తుడుచుకుని, ఊలు బుట్టలోంచి సన్న క్రోషా సూది తీసుకుని కూర్చునేది. ఆయన దీపం ఆమె వైపు జరిపి, టీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు.

బాస్ చేపకి వాడే ఆ రీళ్లు నూలు కండెల్లాంటివి. ఎర విసిరితే కండె గిర్రున తిరిగి దారం వదులుతుంది. ఎర నీళ్లని తాకే వేళకి బొటనవేలు ఆనించి కండెని ఆపాలి. వేలు ఆలస్యమైతే ఎర ఆగుతుంది, కండె ఆగదు. దారం అక్కడికక్కడే ఉబ్బి ముద్ద కడుతుంది. గంటర్స్‌విల్ సరస్సు చుట్టూ ఉన్న జనం దాన్ని పిట్టగూడు అంటారు. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా ఎదురుగాలిలో ఒక పిట్టగూడు తప్పదు. మగవాళ్లు చాలామంది కత్తితో కోసిపారేసి కొత్త దారం చుట్టుకుంటారు. ఫెరెల్ టిడ్‌మోర్ కొయ్యనిచ్చేవాడు కాదు. పెళ్లయిన కొత్తల్లో ఒకనాడు వైనెల్ ఊరికే కూర్చోలేక ఒకటి విప్పి పెట్టింది. అంతే, ఆ పని ఆమె మెడకు పడింది. పడిందని ఆమె ఎప్పుడూ బాధపడలేదు. ఇద్దరూ ఒక దీపం కింద కూర్చునే పని అది.

ఫెరెల్‌కి నడిమి ధర రీళ్ల మీద ఒక పట్టుదల ఉండేది. చవక రీలుకి ఒక్క వేసవిలో లోపలి పళ్లు అరిగిపోతాయి, ఖరీదైన రీలు చెయ్యిజారి నీళ్లలో పడితే దాని వెనకాలే మనిషి దూకాలి అనేవాడు. మనలాంటి వాళ్లకి సరిపడేది నడిమిలోనే ఎక్కడో ఉంటుంది, కాకపోతే ఓపిగ్గా వెతుక్కోవాలి అనేవాడు. అందుకని ఏటా చలికాలం వెళ్లేముందు వంతెన దగ్గర ఎరల కొట్టు డెల్మస్ ఆయనకి మూడు కొత్త రీళ్లు ఇచ్చేవాడు. ఫెరెల్ పెరట్లో పీకన్ చెట్టు పక్కన పాత రేకు తొట్టి పెట్టి, దూరంగా నిలబడి, కొక్కెం తీసేసిన ఎరని అందులోకి విసిరేవాడు. ఎండలో, గాలిలో, చేతికి తొడుగు వేసుకుని, వేసుకోకుండా. మధ్యమధ్య సరస్సు మీదికీ తీసుకెళ్లేవాడు. వంటింట్లో ఉన్న వైనెల్‌కి రేకు టంగుమంటే పడిందని, చప్పుడు లేకపోతే సాయంత్రం తనకి పని ఉందని తెలిసేది. చివరికి ఒకటి ఉంచుకుని రెండు తిప్పి పంపేవాడు. ఆయన ఏది ఉంచుకుంటే డెల్మస్ దాన్ని ధైర్యంగా నలుగురికీ అమ్మేవాడు.

ఆమెకీ ఆయనకీ అందులో ఒక ఆట ఉండేది. తాను విప్పిన చిక్కుల్ని బట్టి ఆమె ముందు ఏదో ఒకటి చెప్పాలి. ఆ తర్వాతే ఆయన చెబుతాడు. ఆమె గెలిచిన ఏడాది ఆదివారం గిన్నెలు ఆయన తోమాలి.

ఈ ఏడాది నల్లది, బూడిద రంగుది, ఆకుపచ్చది వచ్చాయి. నల్లది తేలిక, గాలికి ఎదురైనా దూరం విసురుతుంది. కానీ ఈ సరస్సు అడుగంతా నాచుగడ్డి. గడ్డిలోకి దూరిన చేపని లాగేటప్పుడు నల్లది పట్టు జారుతుందని ఆయన మొదటి వారమే సణిగాడు. బూడిద రంగుది మొండిది, పాత ట్రాక్టరులా లాగుతుంది, కానీ మధ్యాహ్నానికి మణికట్టు నొప్పెడుతుంది. ఆకుపచ్చది వేలు కాస్త ఆలస్యమైనా క్షమిస్తుంది, కానీ పిడి తిప్పితే లోపల ఇసుక ఉన్నట్టు గరగరమంటుంది. మూడింటి మంచిచెడ్డలూ చెబుతూ భోజనం చల్లార్చుకునేవాడు.

జనవరి ఆఖర్లో ఒక సాయంత్రం, తేల్చేశానన్నాడు. ఏదని అడిగితే ముందు నువ్వు చెప్పమన్నాడు. ఆమె బూడిద రంగుదే అంది. ఆయన నవ్వి, మొక్కజొన్న రొట్టె మీద ఇంకాస్త వెన్న రాసుకుని, "రేపు చెబుతాలే" అన్నాడు. మర్నాడు పొద్దున పడవ బండిని ట్రక్కుకి తగిలిస్తూ అక్కడే పడిపోయాడు. డాక్టరు గుండె అన్నాడు.

ఆ జవాబు పోలేదు. వెనక వసారాలో బల్ల మీద మూడు రీళ్లతోనూ ఉండిపోయింది. ఎలాగంటే, రీలు పక్కన చిన్న మర ఒకటి ఉంటుంది. దాన్ని ఎర బరువుకి తగ్గట్టు బిగించుకోవాలి. ఎర వేలాడదీసి మీట నొక్కితే అది మెల్లగా దిగాలి, నేలని తాకగానే కండె ఆగాలి. ఆ బిగువు ఒక్కొక్కరి చేతికి ఒక్కోలా ఉంటుంది. తిప్పి పంపే రెండింటికీ ఫెరెల్ మర పూర్తిగా వదులు చేసేవాడు, కండె గలగలమనేదాకా. పరాయివాడి రీలు మీద నా చెయ్యి ఉండకూడదనేవాడు. ఉంచుకునేదాన్ని మాత్రం తన ఎరకి తగ్గట్టు బిగించి పెట్టుకునేవాడు. అంటే వైనెల్ వసారాలోకి వెళ్లి మూడింటినీ ఒక్కసారి కదిలిస్తే చాలు. గలగలమననిది ఆయన ఏరుకున్నది.

ఆమె వెళ్లలేదు. ఫిబ్రవరి అంతా వెళ్లలేదు. అది తెలిసిపోతే ఆయన తనకి చెప్పాల్సింది ఇంకేమీ మిగలదు. చెప్పాల్సిన మాట ఒకటి ఉన్న మనిషి పూర్తిగా పోయినట్టు కాదని ఆమెకి ఎందుకో అనిపించేది. డెల్మస్ మంచివాడు, తిప్పి పంపాల్సిన రెండింటి సంగతి మార్చి నెలాఖరుకి చూద్దాంలే అమ్మా అన్నాడు.

ఫెరెల్ తమ్ముడు రాయిస్ మంచివాడు కాదు. కనీసం వైనెల్ లెక్కలో కాదు. అన్నదమ్ములిద్దరూ ఏళ్ల తరబడి ఒకే పడవలో చేపలు పట్టే పోటీలకి వెళ్లారు. చేపలు ఎక్కువగా ఫెరెల్ పట్టేవాడు. మైకు ముందు మాట్లాడేది రాయిస్. ప్రతి వసంతానికీ కొట్లో ఉన్న అన్నిటికంటే ఖరీదైన రీలు కొని, అన్నని నలుగురిలో 'నడిమి ధర' అని పిలిచేవాడు. నడిమి ధర వచ్చాడు, నడిమి ధరకి కాఫీ పొయ్యండి అని. ఫెరెల్ నవ్వేవాడు. వైనెల్ నవ్వేది కాదు. అన్న శవపేటిక మొయ్యడానికి కూడా అతను పోటీలకి డబ్బిచ్చే కొట్ల పేర్లు కుట్టిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ పేర్లన్నీ ఆమె చర్చి బల్ల మీద కూర్చుని చదివింది. పాస్టరు చెప్పింది ఒక్క ముక్క వినలేదు.

మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆమె దుప్పట్లు ఆరేసి ఇంట్లోకి వస్తుంటే వసారాలోంచి కటకటమని చప్పుడు వినిపించింది. రీలు తిప్పుతున్న చప్పుడు.  పరుగున వెళ్లింది.

రాయిస్ ఫెరెల్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బూడిద రంగుదీ ఆకుపచ్చదీ ఒళ్లో ఉన్నాయి. నల్లది చేతిలో ఉంది. బొటనవేలూ చూపుడువేలూ మర మీద ఉన్నాయి, ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాయి. ఆ చుట్టుపక్కల ఏ మగవాడి చేతిలో రీలు పెట్టినా అంతే. పసిబిడ్డని ఎత్తుకున్నవాళ్లు ఊపకుండా ఉండలేనట్టు, మర తిప్పకుండా ఉండలేరు. అందులో చెడ్డబుద్ధి ఏమీ లేదు. ఆ సంగతి వైనెల్‌కి తెలుసు. తెలిసినా కళ్లకి ఎర్రటి పొర కమ్మింది.

"ఎన్నింటికి తిప్పావు?" అంది.

"ఏంటి వదినా?"

"మర. ఎన్నింటికి తిప్పావు?"

అతను రీళ్ల వైపు చూసుకున్నాడు. మూడింటికీ తిప్పానన్నాడు, ఏమైంది అన్నాడు. శనివారం అన్నయ్య పేరు మీద పోటీ పెడుతున్నారని, తాను దానికి అన్నయ్య ఆఖరి రీలుతో వెళ్లాలనుకుంటున్నానని చెప్పాడు. పట్టిన చేపల బరువు తూచేటప్పుడు వేదిక మీద ఆ మాట చెబితే జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారట. అందుకే ఏది బాగుందో చూసుకుంటున్నాడట.

వైనెల్ కూర్చోమనలేదు, కూర్చునే ఉన్నాడు కదా. చల్లటి టీ ఇవ్వలేదు. ఆ ఊళ్లో గడప లోపలికి వచ్చినవాడికి టీ ఇవ్వకపోవడం తిట్టిన దానికంటే ఎక్కువ. రాయిస్‌కి అది తెలియక కాదు, ఆమె చేతుల వైపు ఒకసారి చూశాడు.

"నువ్వు వచ్చేటప్పటికి మూడింట్లో ఒకటి బిగువుగా ఉండాలి. అదేదో చెప్పు" అంది ఆమె.

రాయిస్ కళ్లు చికిలించాడు. అతను తెలివితక్కువవాడు కాదు. అన్న అలవాటు అతనికీ తెలుసు. ఆ ప్రశ్న ఎందుకో అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థమయ్యాక మాత్రం కాస్త ఆలస్యంగా చెప్పాడు.

"ఈ నల్లదే వదినా. గట్టిగా ఉంది."

"గడ్డిలో పట్టు జారుతుందని ఆయన సణిగింది దాన్నే."

"సణిగినదాన్నే ఉంచుకునేవాడు అన్నయ్య. నిన్ను వదిలేశాడా?"

అతను నవ్వాడు. ఫెరెల్ ఉండి ఉంటే నవ్వేవాడేమో, ఆయన దేనికైనా నవ్వేవాడు. వైనెల్ ఆ మొహంలో నిజం ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. నల్లదే అయి ఉండొచ్చు. ఫెరెల్ మొదట తిట్టుకుని తర్వాత మనసు మార్చుకున్న రీళ్లు లేకపోలేదు. కానీ మెరిసేది, దూరం విసిరేది, వేదిక మీద ఎత్తి చూపిస్తే బాగుండేది కూడా నల్లదే. ఆయన ఆఖరి మాటకి ఈ లోకంలో ఒక్క సాక్షి మిగిలాడు. ఆ సాక్షి రాయిస్.

అతను పెరట్లోకి దిగి, తొట్టి దగ్గర్నుంచి ఫెరెల్ నిలబడే చోటుకి వెళ్లి, నల్లదాన్ని గాలపు కర్రకి తగిలించి ఎర విసిరాడు. భుజం అంతా వాడి విసిరాడు, వేదిక మీద ఉన్నట్టు. వదులైన మర కండెని పట్టుకోలేకపోయింది. ఎర తొట్టికి సగం దూరంలో గడ్డి మీద పడింది. దారం కండె మీద ఉబ్బి, రీలు పక్కలకి పొంగింది. పెద్ద పిట్టగూడు. అంత పెద్దది వైనెల్ ఇన్నేళ్లలో చూడలేదు.

"చూశావా, బిగువుగా ఉండి ఉంటే ఇలా అయ్యేది కాదు" అంది మెట్ల మీంచి.

అతనికి మొహం ఎర్రబడింది. సరస్సు మీద ఏళ్లు గడిపినవాడు ఒక ఆడమనిషి ముందు, రేకు తొట్టి ముందు అలా విసిరాడని ఎవరికైనా తెలిస్తే ఎరల కొట్లో నెల రోజులు నవ్వుకుంటారు. వంటింట్లోకి వచ్చి రీలుని శుభ్రంగా తుడిచిన బల్ల మీద, ఫెరెల్ సగంలో పెట్టాడు. శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు. విప్పి ఉంచమన్నాడు. దారం కొయ్యొద్దన్నాడు, అది అన్నయ్య చుట్టిన దారం అన్నాడు. ఆ ఒక్క మాటా అతను మనస్ఫూర్తిగానే అన్నట్టుంది. అందుకే ఆమెకి మరీ మండింది.

అతను వెళ్లాక వసారాలో మిగిలిన రెండింటినీ కదిలించి చూసింది. ఒకటి గలగలమంది. రెండోది అనలేదు. అంటే ఏమీ లేదు, రాయిస్ వేళ్లు ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది. ఫెరెల్ ఎర తగిలించి మీట కూడా నొక్కింది. ఎర దభీమని నేల మీద పడింది.

ఫిబ్రవరిలో ఏ ఒక్క రోజైనా వెళ్లి ఉంటే తెలిసేది. దాచుకుందామనుకున్నది చేజారిపోయింది. ఆ సాయంత్రం ఆమె బీన్స్ వేడి చేసుకోలేదు, డబ్బాలోంచి చల్లగానే తినేసింది.

గురువారం ఊలు బుట్ట తెచ్చి బల్ల దగ్గర పెట్టుకుంది. సూది తీసింది. చిక్కు ఎక్కడ మొదలైందో ఆమె కళ్లకి వెంటనే కనిపించింది. పైన ఉన్న ఆ ఒక్క మెలిక కింద సూది పెట్టి లేపితే సగం దానంతటదే జారిపోతుంది. వేళ్లు ముందుకి వెళ్లాయి కూడా. వాటిని ఒళ్లోకి తెచ్చుకుంది.

శుక్రవారం పొద్దున రాయిస్ ఫోన్ చేశాడు. విప్పావా అని అడిగాడు. లేదంది. పోటీ రేపేనని గుర్తు చేశాడు. గుర్తుందంది. అన్నయ్య పేరు మీద పోటీకి కూడా నీకు చెయ్యి రాదా అని గొంతు పెంచాడు. చచ్చినవాడి మీద నీకొక్కదానికే హక్కు ఉందనుకోకు, నేను అన్నయ్యతో ఒకే మంచం మీద పడుకుని పెరిగాను అన్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు. అది నిజమే.

"ఏది బిగువుగా ఉందో నిజం చెప్పు రాయిస్. వచ్చేలోపు విప్పి ఉంచుతాను."

 అవతల ట్రక్కు ఇంజను ఆపేసిన చప్పుడు వచ్చింది.

"గుర్తులేదు" అన్నాడు చివరికి. గొంతు తగ్గింది. "చూసుకోలేదు వదినా. ఊరికే చేతిలోకి తీసుకుని తిప్పాను. ఏది ఎలా ఉందో నిజంగా నాకు తెలియదు."

అతని నోటి వెంట అలాంటి మాట ఆమె ఇన్నేళ్లలో వినలేదు. అబద్ధమే బాగుండేది. అబద్ధం అయితే దాని వెనక నిజం ఒకటి ఉందని పోట్లాడొచ్చు.

"సరే" అని ఫోన్ పెట్టేసింది.

అతను నిజం చెప్పాడు. ఆమె మాట ఇచ్చింది, విప్పి ఉంచుతానని. ఇచ్చిన మాట తప్పే ఆడది కాదు వైనెల్. అయినా ఎదురుగా ఫెరెల్ లేని దీపం కింద ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. లేచి క్రోషా సూదిని ఊలు ఉండలోకి గుచ్చి, బుట్ట తీసుకెళ్లి బీరువా పై అరలో పెట్టి తలుపు మూసింది. నల్ల రీలుని ముందు గుమ్మం బయట కుర్చీలో, వచ్చేవాడికి కనబడేలా పెట్టింది, పిట్టగూడు పైకి ఉండేలా. కొయ్యాలనుకుంటే అతని జేబులో కత్తి ఉంటుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి బల్ల తుడిచింది. తన వైపు సగమే తుడిచింది.