నీళ్ళు తాగించి అమ్మిన స్థలాలు

మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున మా అపార్టుమెంటు గేటు దగ్గర బెంచీమీద పేపరు పట్టుకుని కూర్చుని ఉండగా, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు ఒకాయన కొనడానికి వచ్చిన భార్యాభర్తలను కారులోంచి దించి, వాళ్ళను లిఫ్టు వైపు నడిపించి, తాను మాత్రం గబగబా వెనక్కి వచ్చి, లోపలికి మలుపు తిరగబోతున్న నీళ్ళ ట్యాంకరును చేత్తో ఆపి, ఈ పార్టీ వెళ్ళిపోయేదాకా పక్క వీధిలో నిలబెట్టుకోమని డ్రైవరుకు చెప్పడం కళ్ళారా చూశాను. తర్వాత అదే నోటితో, ఈ టవర్లలో నీళ్ళకు ఏనాడూ లోటు లేదని వాళ్ళకు చెబుతుంటే విన్నాను కూడా. పేపరు మడిచి లేచి వచ్చేశాను. ఆయనను తిట్టుకుందామన్నా నోరు రాలేదు, ఎందుకంటే ఆ విద్యకు ఈ ఖాజాగూడ బండల మీద ఓనమాలు దిద్దినవాళ్ళలో నేనొకణ్ణి.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైల మొదట్లో హైదరాబాదు అంటే మెహదీపట్నంతో సరి, ఆ తర్వాతదంతా గోలకొండ గోడలు, గోరీలు, వాటిని దాటితే ఏనుగులు పడుకున్నట్టు బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, మేకలు. ఇప్పుడు అద్దాల మేడలున్నచోట ఆ రోజుల్లో ఎకరం ఊరికే ఇస్తానన్నా తీసుకునే మొనగాడు లేడు. కృష్ణా జిల్లాలో టైపు పరీక్ష ప్యాసై, ఇరవయ్యో ఏట మేనమామ వెంట ఈ ఊరొచ్చిన నాకు మొదట దొరికింది అలాంటి ఎకరాలు కొన్నింటిని చవగ్గా కొని, సున్నం గీతలు గీసి, ప్లాట్లుగా అమ్ముతున్న ఒక పెద్దమనిషి దగ్గర ఉద్యోగం. వారం రోజులూ కాగితాలు టైపు కొట్టడం, ఆదివారం పార్టీలను వ్యానులో తీసుకెళ్ళి స్థలం చూపించడం, ఇవీ నా పనులు. ఆరు నెలలు తిరక్కుండానే మా యజమాని నా వేళ్ళకంటే నా నాలుకే తనకు ఎక్కువ సంపాదించి పెడుతోందని గ్రహించి, టైపు మిషను మరొకరికి ఇచ్చి నాకు కమీషను ఏర్పాటు చేశాడు. నేను పొంగిపోయాను. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పుడు ఎక్కడైనా మొహం దాచుకోవాలనిపిస్తుంది.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మా వైపు వాళ్ళే, గవర్నమెంటు ఉద్యోగులు. టిఫిను క్యారియరు కట్టుకుని, పిల్లలకు ఉతికిన బట్టలు వేసి, తిరణాలకు బయల్దేరినట్టు వచ్చేవారు. బస్సు వస్తుందా అని మొగవాళ్ళు అడిగితే త్వరలోనే అనేవాణ్ణి, కరెంటు వస్తుందా అంటే స్తంభాలు దిగాయనేవాణ్ణి, దగ్గరలో పెద్ద యూనివర్సిటీ రాబోతోందన్న మాట పుట్టాక ఇక నా నోటికి పట్టపగ్గాలు లేవు. అరచేతిలో వైకుంఠం అంటారే, దానికి హద్దురాళ్ళు కూడా పాతి చూపించేవాణ్ణి. కానీ ఆడవాళ్ళ దగ్గర ఇవేవీ చెల్లేవి కావు. కాలవల గట్లమీద పుట్టి పెరిగినవాళ్ళు, వాళ్ళకు కావలసింది ఒక్కటే, నీళ్ళు ఎలా ఉంటాయని. చెబితే నమ్మరు, తాగి చూడాలి. పిల్లనిచ్చే ఇంటికి వెళ్ళినా ముందు నీళ్ళు తాగి ఊరి మంచిచెడ్డలు తేల్చే మనుషులు కదా మనవాళ్ళు.

ఆ చిక్కు మాకు ఒక పెద్దమ్మ వల్ల తీరింది. మా ప్లాట్లకు వెళ్ళే బండ్లబాట పక్కనే, రెండు బండల మధ్య ఆనించి కట్టుకున్న గుడిసె ఆమెది. భర్త లేడు, కొడుకు రాళ్ళు కొట్టేవాడు. గుడిసె ముందు వేపచెట్టు కింద ఇసక పోసి, దానిమీద ఒక పెద్ద మట్టి కుండ పెట్టేది, ఇక్కడి వాళ్ళు దాన్ని రంజన్ అంటారు. బాటన పోయే మనిషెవరైనా సరే, కులమూ ఊరూ అడగకుండా, పిలిచి నీళ్ళు పోసేది. మొదటిసారి నన్నూ అలాగే పిలిచింది. "దూపైతున్నట్టుంది, జర కూసో కొడుకా," అంది. ఆ నీళ్ళ రుచి నేను చెప్పలేను. మా ఊరి కాలవ నీళ్ళు మరిచిపోయాను.

ఆ సంగతి యజమానికి నేనే చెప్పాను. ఎవరూ అడగలేదు, చెప్పమని ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. వచ్చే ఆదివారం నుంచి వ్యాను ముందు అక్కడే ఆగాలని ఆయన అన్నాడు, ఆగింది. ఆడవాళ్ళు దిగారు, తాగారు, ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు, ఆ రోజు నాలుగు ప్లాట్లకు బయానా ముట్టింది. అప్పటినుంచి అదొక పద్ధతి అయిపోయింది. ఆమె చుట్టాన్నన్నట్టు "పెద్దమ్మా, నీళ్ళు" అని దూరం నుంచే కేకేసేవాణ్ణి, ఆమె నా వెంట వచ్చినవాళ్ళందరినీ నా చుట్టాలే అనుకుని మురిసిపోతూ పోసేది. ఇరవైమందికి ఒక రంజన్ చాలదని, ఆదివారం తెల్లవారేసరికి ఎడ్లబండిమీద నాలుగు కుండలు నింపించి ఆమె గుమ్మంలో దింపించే ఏర్పాటు కూడా చేశాను. మోకాళ్ళ నొప్పులు కదా పెద్దమ్మా, నీకెందుకు శ్రమ అంటే, ఆమె నా తల నిమిరి దీవించింది. ఆ దీవెన పుచ్చుకుని కూడా నాకు ఏమీ అనిపించలేదు.

ఆ నీళ్ళు అక్కడివి కావు. చెరువు కట్టకు అవతల, రాళ్ళ సందులో ఒక చెలమ ఉంది, పోను మైలున్నర, రాను మైలున్నర. ఆమె ఏనాడూ దాచలేదు. ఎవరైనా ఎక్కడివమ్మా ఈ నీళ్ళు అంటే చెయ్యి చాపి, "గా చెర్వు కట్ట అవుతలి చెలిమెలకెల్లి తెస్త బిడ్డా, పొద్దు పొడువకముందే పోవాలె," అని ఉన్నదున్నట్టు చెప్పేది. అప్పుడు నేనేం చేసేవాణ్ణో చెబుతాను వినండి. నవ్వేవాణ్ణి. పెద్దమ్మకు తన కష్టం పెద్దది చేసి చెప్పుకోవడం సరదా అండీ అనేవాణ్ణి. వాళ్ళూ నవ్వేవాళ్ళు. తన మాటకు అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆమె కూడా మర్యాదకు నవ్వేది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమని సామెత వింటుంటాం, నేను ఆ ఇంటి వాసాలు ఊడబీకి అమ్ముకున్నాను.

మా స్థలంలో నీళ్ళు పడవని మాకు ముందే తెలుసు. యజమాని రెండుచోట్ల బావులు తవ్వించి చూశాడు. సమ్మెట పట్టింది పెద్దమ్మ కొడుకే, ఒడ్డున గొడుగేసుకుని నిలబడింది నేను. పది గజాలు దిగకముందే ఏకశిల తగిలింది, తూటాలు పెట్టి పేల్చినా తేమ కూడా కనపడలేదు. ఆ రెండు గుంతలూ మట్టితో పూడ్పించి, నక్షాలో ఆ చోట పార్కు అని నేనే నా చేతిరాతతో రాశాను.

ఇదంతా ఊళ్ళోవాళ్ళకు చేసినదైతే, ఏ వ్యాపారంలో అబద్ధం లేదు అని సరిపెట్టుకునేవాణ్ణేమో. మా అమ్మ ఆఖరి చెల్లెలు, మా పిన్ని, బాబాయికి ఈ ఊరు బదిలీ అయి చిక్కడపల్లిలో ఒంటిగది కిరాయి ఇంట్లో నలుగురు పిల్లలతో అవస్థపడుతుండేది. సొంతిల్లు ఆమె కల. బాబాయి దాచుకున్నదంతా అందుకే దాచాడు. ఆ నెల నాకు ఇంకొక్క ప్లాటు అమ్మితే స్కూటరు వస్తుంది. పిన్ని నన్ను అడిగింది కూడా అందరూ అడిగిందే, "నీళ్ళున్నాయిట్రా?" అని. నోటితో చెప్పలేదు. వ్యానెక్కించి తీసుకొచ్చి పెద్దమ్మ గుమ్మంలో చెంబు చేతికి ఇప్పించాను. పిన్ని తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, మన కాలవ నీళ్ళలా ఉన్నాయి అని బాబాయితో అంటుంటే నేను బండల వైపు చూస్తూ నిలబడ్డాను.

తక్కినవాళ్ళు కొని వదిలేశారు, ఎప్పటికో పనికొస్తుందని. మా పిన్నీవాళ్ళు నిజంగా ఇల్లు కట్టుకున్నారు. కట్టడానికి నీళ్ళు బండ్లమీద తోలించారు, బావి తర్వాత తవ్వుకోవచ్చునని నేనే ధైర్యం చెప్పాను. రెండు గదులు, ముందు వసారా, గృహప్రవేశానికి పాలు పొంగించారు. మాఘమాసంలో బావి మొదలుపెడితే శివరాత్రికి బండ తగిలింది. చైత్రం వచ్చేసరికి పిన్ని బిందె భుజానికెత్తుకుని పెద్దమ్మ గుడిసెకు నడిచింది, ఇంకెక్కడికి వెళుతుంది. పెద్దమ్మ తనకోసం తెచ్చుకున్న కుండలోంచి ఎన్నాళ్ళని ఇస్తుంది, తెల్లవారుజామున తన వెంట చెలమకు తీసుకుపోవడం మొదలుపెట్టింది.

నేను చూడబోయినరోజు పిన్ని కాఫీ ఇచ్చింది. భుజం మీద బిందె ఒరుసుకుని కాయకాచింది. తిట్టలేదు, ఏడవలేదు. గ్లాసు నా చేతికిస్తూ, "ఇక్కడ బండ ఉందని నీకు తెలియదు కదూ?" అంది. అంతకంటే సులువైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తెలియదు పిన్నీ అన్నాను. ఆమె మొహంలో ఒక బరువు దిగినట్టయింది. నమ్మింది. కాఫీ చాలా బాగుందని చెప్పి మరీ తాగాను. నా జీవితంలో నన్ను నేను అసహ్యించుకునే క్షణాలు లెక్కపెట్టమంటే మొదటిది అదే.

మరుసటి ఆదివారం ఎప్పటిలాగే వ్యాను పెద్దమ్మ గుమ్మంలో ఆపాను. ఆమె వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టింది, పిల్లలకు ముందు పోసింది, పెద్దలకు పోసింది. పోస్తూ ఒక్కొక్కరికీ చెప్పింది, ఈ నీళ్ళు ఎక్కడివో, పోను రాను ఎంత దూరమో, ఈ నేల కింద ఏముందో, ఏ రెండు చోట్ల బావులు తవ్వి పూడ్చారో. గొంతు పెంచలేదు. నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు, నాతో నవ్వేవాళ్ళూ లేరు. పార్టీలు స్థలం చూడకుండానే వ్యానెక్కి కూర్చున్నారు. నేనొక్కణ్ణీ ఎండలో మిగిలాను. నోరు పిడచకట్టుకుపోయింది, అయినా అడిగే మొహం లేదు.

ఆమె చెంబు నింపి తెచ్చి నా ముందు పట్టుకుంది. "చెలిమెకు పోంగ మీ పిన్ని నీకెరుకలేదని చెప్పింది. మావోనికి తెల్వదు, తెలిస్తె చెప్పకుంటడా అన్నది. బండ తగిలిననాడు నువ్వాడనే నిలవడ్డవని నా కొడుకు చెప్పిండు. నేనామెకు ఏం చెప్పలే. ఆ నమ్మకమన్న ఉండనీ." నేను తలొంచుకున్నాను. "దూపకు లేదనొద్దు. గందుకే ఇస్తున్న. తాగు సారు."

రెండేళ్ళుగా ఆమె నోట కొడుకా అన్న పిలుపు తప్ప వినలేదు నేను. తాగాను. చెంబు ఖాళీ చేసి ఇచ్చాను.

మనిషన్నవాడు అక్కడితో ఆగాలి. నేను దారి మార్చుకున్నాను, అంతే. పార్టీలను మరో బాటన తీసుకెళ్ళడం నేర్చుకున్నాను. పిన్ని రెండు ఎండాకాలాలు మోసింది, మూడో ఏడు నడుము పట్టేసి లేవలేకపోయింది. ఆ ఇల్లు అయినకాడికి తిరిగి మా యజమానికే అమ్మించింది నేను, అందులోనూ కమీషను తీసుకున్నది నేను. వాళ్ళు మళ్ళీ చిక్కడపల్లి కిరాయి గదికే చేరారు, పిన్ని ఆ గదిలోనే కన్నుమూసింది. చివరిదాకా మా అమ్మతో, పాపం వాడికి తెలియదక్కా అనే అంటుండేదట. ఆ తర్వాత నేను సొంత ఆఫీసు పెట్టాను, బాచుపల్లి దాకా పొలాలు కొలిపించాను, ప్లాట్ల వ్యాపారంలో నా పేరు చెబితే లేచి నిలబడే రోజు వచ్చింది, శాలువాలు పెట్టడానికి బీరువా చాలలేదు. నిండా మునిగినవాడికి చలేమిటి.

ఈ మధ్య ఎవరితోనైనా ఈ సంగతి చెప్పుకుంటే, ఉంచుకుని ఉంటే మీ పిన్నిగారు ఈపాటికి కోట్లకు పడగలెత్తేవారు కదండీ అని నాకే ఓదార్పు చెబుతారు. ధర పెరిగితే అబద్ధం కూడా దూరదృష్టి అయిపోతుందని వీళ్ళ లెక్క. పిన్ని కోట్లు అడగలేదు, నీళ్ళున్నాయా అని అడిగింది.

పెద్దమ్మ గుడిసె ఉన్నచోటు ఎక్కడో ఇప్పుడు నేను గుర్తుపట్టలేను. ఆ రెండు బండలనూ పేల్చేశారు, చెలమ ఏ సెల్లారు కింద ఉందో భగవంతుడికెరుక. అప్పట్లో దాహం వేస్తే గుమ్మం వెతుక్కునేవాళ్ళం, ఆ గుమ్మంలో మన గుణం బయటపడేది, ఇప్పుడు సీసా కొనుక్కుని ఎవరి కళ్ళలోకీ చూడకుండా తాగేస్తున్నాం. వాచ్‌మన్, లిఫ్టు నడిపేవాడు, బ్యాంకు మేనేజరు, ఈ చుట్టుపక్కల నన్నెరిగిన ప్రతివాళ్ళూ నన్ను సార్ అనే పిలుస్తారు, చాలా గౌరవంగా పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ నా గొంతు ఎండిపోతుంది.