ఆటకు పనికిరాని మాటలు

హైస్కూలు వాలీబాల్ జట్టులో అందరూ స్ప్రింగు అని పిలిచే పిల్లకు పుట్టుకతోనే చెవుడు. ఒక్క చోట నిలబడితే ఒట్టు. మడమలు నేలకు ఆనవు, జడ కొస నోట్లోంచి రాదు. బంతి ఎటు ఎత్తబోతోందో అందరూ చూస్తుండగానే సైగ చేసి మరీ ఎత్తుతుంది. అవతలివాళ్లకు అర్థమైతేగా! జట్టుకు తను నేర్పినవి ఆ ఆట సైగలే: ముందుకు, వెనక్కి, నీకు, నాకు.

ఫైనల్లో మాత్రం ఎటు ఎత్తినా అవతలి పొడుగుపిల్ల చేతులు ముందే అక్కడున్నాయి. స్ప్రింగుకు అనుమానమొచ్చింది. ఎడమకని సైగ చేసి, బంతిని తనే కుడివైపు వల దాటించేసింది. ఎడమకు ఎగిరి బోల్తాపడిన పొడుగుపిల్ల తన చెవి చూపించి, తనకూ వినపడదన్నట్టు చెయ్యి ఊపింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. చివరికి స్ప్రింగు జట్టే ఓడింది.

బస్సు హారన్ మోగుతూనే ఉంది. గేటు దగ్గర ఆ ఇద్దరి చేతులూ ఆగడం లేదు.

"ఏం మాట్లాడుకుంటున్నారే అంతసేపు?" కిటికీలోంచి చూస్తూ అంది కెప్టెన్.

"ఆట గురించైతే కాదు. అదైతే మనకూ తెలిసేదిగా," అంది వెనక సీటు పిల్ల.

స్ప్రింగు వచ్చి పక్కన కూర్చోగానే, కెప్టెన్ ఇందాక దూరం నుంచి చూసిన సైగ ఒకటి తప్పులతడకగా చేసి, ఏంటన్నట్టు కనుబొమలెగరేసింది. స్ప్రింగు నోట్లోంచి జడ కొస తీసేసి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే సరిచేయసాగింది.