మిరప సంచుల స్టూడియో

కోటేష్ పుట్టినప్పుడు ముందు చెవులే బయటికొచ్చాయని తండాలో ఎగతాళి చేస్తారు. ఏన్కూరు అడవి అంచున ఉన్న ఆ తండాలో, మలుపు తిరుగుతున్న బస్సు ఏ డిపోదో, ఎవరి ట్రాక్టర్‌కు సైలెన్సర్ ఊడిందో మంచం దిగకుండానే చెప్పేవాడు. ఖమ్మంలో ఇంజనీరింగ్‌లో చేరి రెండో ఏడు మానేశాడు. కాలేజీ ఫంక్షన్‌కు వచ్చిన మైకుసెట్టు వాళ్ల వెంట వెళ్లినవాడు మళ్లీ క్లాసు మొహం చూడలేదు. పెళ్లి బరాత్‌లకు సౌండ్ బాక్సులు మోశాడు, మిక్సర్ పట్టాడు, హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో కేబుళ్లు చుడుతూ రికార్డింగ్ నేర్చుకున్నాడు. చివరికి సొంత స్టూడియో పెడతానని సామానుతో తండాకే తిరిగొచ్చాడు.

తండ్రి పూల్‌సింగ్ ఎగాదిగా చూశాడు. "ఈ అడవిల ఎవడు రికార్డు చేపిచ్చుకుంటడురా? కోతులా?"

"గొంతు బాగుంటే కోతులకైనా చేస్త నాయినా."

నడిమింట్లో పెడదామంటే అక్కడ దూలాల దాకా పత్తి. రేటు పెరిగేదాకా దాన్ని కదలనివ్వనని పూల్‌సింగ్ పట్టు. దాంతో కోటేష్ పెరట్లో రేకుల గది వేసుకున్నాడు. శబ్దం గోడలకు తగిలి తిరిగి రాకుండా చుట్టూ, పైనా గోనె సంచులు దట్టంగా కొట్టాడు. కొడుతున్నప్పుడు దగ్గొస్తే దుమ్మనుకున్నాడు.

అంతలో, హైదరాబాద్‌లో అతనికి పని నేర్పిన భార్గవి ఫోన్ చేసింది. "లంబాడా పాటల మీద డాక్యుమెంటరీ చేస్తున్నాం. మీ అమ్మ పాడుతుందన్నావుగా. సాయంత్రానికి ఒక పాట పంపు. శుభ్రంగా ఉంటే మిగతావన్నీ నీ దగ్గరే. లేదంటే గాయనులను ఇక్కడికే పిలిపించుకుంటా. నాకు మొహమాటాల్లేవు కోటేష్."

ఇది పోతే మళ్లీ బరాత్ బాక్సులు మోయాల్సిందేనని కోటేష్‌కు తెలుసు.

అతను యాడీ అని పిలిచే తల్లి ద్వాలి మోచేతుల పైదాకా గాజులతో మైకు ముందు కూర్చుంది. తలుపు మూశాక గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆమె మింగిన గుటక హెడ్‌ఫోన్‌లో వినిపించింది. కోటేష్ పొంగిపోయాడు. ద్వాలి ఊపిరి నిండా పీల్చి పాట ఎత్తుకుంది. ఎత్తుకుంటూనే దగ్గింది. మళ్లీ మొదలుపెట్టి తుమ్మింది. ఆమె తుమ్ములు ఆపేసరికి కోటేష్ దగ్గు అందుకున్నాడు.

"ఏం సంచులురా ఇవి?"

"మిర్చి యార్డు నుంచి తెచ్చిన, యాడీ. ఖాళీవే."

"నన్ను పాడమన్నవా, కారం దంచమన్నవా?" కళ్లు తుడుచుకుంటూ ద్వాలి బయటపడింది.

సంచులు పీకేస్తే పిచ్చుక వాలినా రేకులు మోగుతాయి. ఆరుబయట పాడిద్దామంటే పక్క చేలో మోటారు. కోటేష్ తొట్టి దగ్గర మొహం కడుక్కుంటూ, భార్గవికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. పూల్‌సింగ్ నడిమింటి గడప దాటి వచ్చి మీద పడ్డాడు.

"లోపల్నుంచి గొంతు చించుకుంటున్న, వినవడతలేదారా? ట్రాలీ వచ్చింది. పత్తి ఎత్తాలె, రా!"

కోటేష్ నీళ్లు కారుతున్న మొహంతోనే నడిమింటి వైపు తిరిగాడు. నాలుగడుగుల దూరంలో తండ్రి అరిస్తే తనకు వినపడలేదా? నడిమింట్లోకి ఉరికి చప్పట్లు కొట్టాడు. చప్పుడు అరచేతుల్లోనే చచ్చిపోయింది. చిన్నప్పుడు ఈ కుప్పలో దాక్కుంటే తన గుండె చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించేది కాదు.

"నాయినా, పత్తి ముట్టకు!"

"రేటొచ్చిందిరా పిచ్చోడా!"

"ఒక్క పాట అయ్యేదాక ఆగు."

పూల్‌సింగ్ తిట్టుకుంటూనే ట్రాలీ డ్రైవర్‌ను చాయ్‌కు కూర్చోబెట్టాడు. హారన్ కొట్టకుండా తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

ద్వాలి పత్తిలో నడుం దాకా కూరుకుని పాడింది. గొంతు తేనెలా దిగింది. కానీ నిల్వ పత్తి దురద ఊరుకోదు. మెడ గోక్కుంది, ముంజేయి గోక్కుంది. మైకుకు దగ్గు వినిపిస్తుంది గానీ దురద వినిపించదు కదా అని కోటేష్ ధైర్యం తెచ్చుకున్నాడు. అప్పుడే గాజులు గలగలమన్నాయి. అతను మొహం చిట్లించాడు. ద్వాలి కొడుకు మొహం చూసి, ఆ తర్వాత పాట తాళానికి తగ్గట్టే గోక్కుంది.

పాట పంపిన కాసేపటికి భార్గవి ఫోన్ చేసింది. "ఏ స్టూడియోలో చేశావు? గది ప్రతిధ్వని ఊసే లేదు, గొంతొక్కటే ఉంది. ఆ గాజుల తాళం ఎవరి ఆలోచనో గానీ అద్భుతం. అన్ని పాటలకూ అదే కావాలి. మొత్తం నువ్వే చెయ్యి."

కోటేష్ ఎగిరి గంతేసి తల్లికి చెప్పాడు. చేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్న ద్వాలి అడిగింది. "అన్నిటికీ గోక్కోవాలెనా?"

బయట అప్పటికే సగం పత్తి ట్రాలీకెక్కింది. కోటేష్ పరుగున వచ్చి, మిగతా పాటలకూ ఈ పత్తే కావాలని చెప్పాడు. పూల్‌సింగ్ కొడుకునొకసారి, పత్తినొకసారి చూశాడు.

"దించుర్రి!" అని అరిచాడు.

ఈసారి ఆ కేక తండా మొత్తానికి వినిపించింది.