రెండో సీసా

2006. విశాఖలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా నాకది పద్నాలుగో ఏడు. నా చేతికి తిరుగులేదన్న పొగరు కాస్త ఉండేది.

అప్పుడొచ్చాడు అప్పలరాజు. వన్ టౌన్ దగ్గర జాలరి కుటుంబం. ఏడాదిన్నర సౌదీలో ఖర్జూరం తోటలో పనిచేసి తిరిగొచ్చాడు. ముంజేతి మీద రూపాయి బిళ్లంత పుండు. నొప్పి లేదు, మానడం లేదు. ఇంట్లో అందరూ కుష్టు అనుకున్నారు. భార్య పొమ్మనలేదు గానీ, ఇతనే వలలు పెట్టుకునే గదిలో వేరుగా పడుకుంటున్నాడు.

"నాను ఎల్లినాక పుట్టింది మేడమ్ పాప. ఫోన్లో ఏడుపు ఇన్నానంతే. ఇప్పుడు దూరం నుంచి సూత్తన్నాను. ఎత్తుకోవచ్చేటి?"

"రిపోర్టు రానీ, అప్పలరాజూ."

డాక్టరుగారి అనుమానం లీష్మానియా మీద. ఇసుక ఈగ కుడితే ఒంట్లో చేరే పరాన్నజీవి అది. మనిషిని మనిషి ముట్టుకుంటే అంటదు. పుండు అంచు గీకి స్మియర్ తీసి, మైక్రోస్కోప్ కింద ఎంత వెతికినా నాకు కనబడలేదు. ఇక పీసీఆరే దిక్కు. పరాన్నజీవి డీఎన్ఏ రవ్వంత ఉన్నా, దాన్ని లక్షల నకళ్లుగా పెంచి పట్టించే పరీక్ష. హైదరాబాద్ పంపాలి.

పుండులోంచి కోసిన బయాప్సీ ముక్క చేతికి రాగానే అలవాటు కొద్దీ ఫార్మలిన్ సీసాలో వేసేశాను. మామూలు బయాప్సీకి అదే పద్ధతి. కానీ ఫార్మలిన్ డీఎన్ఏని పాడుచేస్తుంది. మూడు వారాలు పోయాక, పరీక్షకు పనికిరాలేదు, ఇంకో ముక్క పంపమని కబురొచ్చింది.

తప్పు నాదేనని అతనికి చెప్పాను. తిట్టినా బాగుండేది. చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"తియ్యండి మేడమ్. నిన్న పాప అడుగులేసిందంట. మా ఆవిడ సెప్పింది."

ఒకే ఇంట్లో ఉండి "అంట" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు తినేసింది.

రెండో ముక్కను ఆల్కహాల్‌లో పంపాను. లీష్మానియా అని తేలింది. డాక్టరుగారు పుండుకి కట్టు కట్టించి, నిక్షేపంగా ఎత్తుకోమన్నారు. వరండాలో భార్య పాపతో నిలబడి ఉంది. అతను చేతులు చాచాడు. పాప తల్లి మెడ కరుచుకుని ఏడ్చింది. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"కొత్త కదా మేడమ్. నానెవురో దానికి తెల్దు."

ఇంజెక్షన్లకి రోజూ ముగ్గురూ వచ్చేవారు. ఆఖరి రోజు రిజిస్టర్లో సంతకం పెట్టమని పెన్ను ఇస్తే అతను తీసుకోలేదు. పాప అతని భుజం మీద నిద్రపోతోంది.

"రేపొచ్చి పెడతాను మేడమ్. కదిలితే లెగిసిపోద్ది."

ఇప్పటికీ సీసా మూత తీసే ముందు "ఏ పరీక్షకి?" అని పైకే అడుగుతాను. జూనియర్లు చాదస్తమంటారు. అననీ. ఆ మూడు వారాలు అతనికి తిరిగిచ్చే దారి ఉంటే బాగుండునని ఇవాళ్టికీ అనుకుంటాను.